నాన్నతో మిన్నెసోటా నది ఎగువకి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అందరం చూపించే లిస్టు ఒకటే కదా, నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్, వీలైతే వేగాస్. మా నాన్నకి ఆ లిస్టు పోయినసారి వచ్చినప్పుడే అయిపోయింది. ఆయనది కైకలూరు పక్కన పల్లెటూరు. కొల్లేరు కింద వరి వేసి, తర్వాత అందరిలాగే చేపల చెరువులు తవ్వించిన మనిషి. బిల్డింగులు చూపిస్తే "బానే ఉంది" అనేసి కారెక్కేస్తాడు గానీ, హైవే పక్కన మొక్కజొన్న చేను కనపడితే మాత్రం అది దాటిపోయేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంటాడు. అందుకే ఈసారి జూన్ చివర్లో రెండు రోజులు సెలవు పెట్టి వీకెండ్‌కి కలిపి, మిన్నెసోటా నదిని పట్టుకుని ఎగువకి పోదాం అనుకున్నాం.

సౌత్ డకోటా సరిహద్దులో బిగ్ స్టోన్ లేక్ దగ్గర మొదలై, 330 మైళ్ళు పైచిలుకు ప్రయాణించి, మినియాపోలిస్ ఎయిర్‌పోర్టు పక్కనే మిసిసిపిలో కలిసే నది ఇది. దీని మీద పెద్ద జలపాతాలూ లేవు, పోస్టర్ల మీదికెక్కే లోయలూ లేవు. టూరిస్టులు రారు, హోటళ్ళు చవక. నేనూ నాన్నా, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ అమ్మాయి, డిక్కీలో రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, పులిహోర డబ్బా.

గురువారం

మినియాపోలిస్ పక్కనున్న పెద్ద షాపింగ్ మాల్, మాల్ ఆఫ్ అమెరికాకి పది నిమిషాల దూరంలో జాతీయ వన్యప్రాణి ఆశ్రయం ఉందంటే, ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళే "ఎక్కడ?" అంటారు. పేరు మిన్నెసోటా వ్యాలీ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్. 1970ల్లో ఈ నదీతీరమంతా కాంక్రీటు కింద పోతుందేమోనని బ్లూమింగ్టన్ చుట్టుపక్కల వాళ్ళు పట్టుబడితే, 1976లో చట్టం చేసి పెట్టారు. ఇప్పుడు నది వెంట ముక్కలు ముక్కలుగా పధ్నాలుగు వేల ఎకరాల దాకా ఉంది. టికెట్టు లేదు, గేటు దగ్గర ఆపేవాడూ లేడు.

మేం బాస్ పాండ్స్ దగ్గర దిగాం. 1926లో ఐజాక్ వాల్టన్ లీగ్ అనే ప్రకృతి సంరక్షణ సంఘం వాళ్ళు బాస్ చేపపిల్లల్ని పెంచడానికి చేసుకున్న చెరువులవి, పక్క గట్టులోంచి ఊరే నీళ్ళతో నిండుతాయి. మా అమ్మాయి తాబేళ్ళు లెక్కపెడుతుంటే నాన్న నేరుగా తూము దగ్గరికి పోయి కూర్చున్నాడు. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి, పలకలు తీస్తే ఎంత మట్టం దిగుతుంది, పక్క చెరువులోకి ఎలా మళ్ళుతుంది, ఇవన్నీ వేలితో గాలిలో గీసుకుంటూ తేల్చుకున్నాక "వందేళ్ళ కిందటి చెరువైనా తూము మనవాటికంటే బాగుందిరా" అన్నాడు. ఆ పూటకి అదే పెద్ద పొగడ్త. పక్కనే లాంగ్ మెడో లేక్, దాని మీద పాత సీడర్ ఎవెన్యూ వంతెన. చాన్నాళ్ళు మూసేసి ఉంచి 2016లో నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మళ్ళీ తెరిచారు. వంతెన మధ్యలో నిలబడితే రెండు వైపులా తామరాకులు, కదలకుండా నిలబడ్డ నారాయణ పక్షులు. నెత్తి మీద మాత్రం రెండు మూడు నిమిషాలకో విమానం, చక్రాలు దించుకుని, కిటికీలు కనిపించేంత కిందగా పోతూ ఉంటుంది.

ఆ రొద సంగతి కూడా చెప్పాలి. ఎయిర్‌పోర్టుకి కొత్త రన్‌వే వేసినప్పుడు, విమానాలు ఈ ఆశ్రయం మీదుగా పోతాయి కాబట్టి ఎయిర్‌పోర్టు వాళ్ళతో నష్టపరిహారం కట్టించారు. ఆ డబ్బుతో మిన్నెసోటా వ్యాలీ ట్రస్ట్ అని పెట్టి, నది వెంట ఇంకా భూములు కొని ఆశ్రయంలో కలుపుతున్నారు. పక్షులకి నష్టపరిహారం ఇచ్చారని చెప్తే నాన్న నమ్మలేదు. "ఎవడి అకౌంట్లో వేశారు?" అని అడిగాడు.

అక్కడే ఆయనకి ఒక అనుమానం వచ్చింది. గట్టు మీద నుంచి అవతలి గట్టు చూస్తే మైళ్ళ దూరం, మధ్యలో నది చూస్తే మట్టిరంగులో సన్నగా ఉంది. "ఇంత లోయకి ఈ కాలవేంట్రా? గోదారంత నది పారాల్సిన చోట ఇది పారుతోంది." జవాబు నాకు తెలుసు గానీ చెప్పలేదు, ఆదివారం దాకా ఆగమన్నాను.

మధ్యాహ్నం ఫోర్ట్ స్నెలింగ్ స్టేట్ పార్క్. రెండు నదులు కలిసేది ఇక్కడే, పైక్ ఐలాండ్ చివర. పెద్ద పెద్ద కాటన్‌వుడ్ చెట్లు, వాటి మొదళ్ళ మీద మనిషెత్తున వరద మరకలు. కొన్నేళ్ళు వసంతంలో వరదొచ్చి పార్కే మూసేస్తారు. సంగమం అనగానే నాన్న చెప్పులు విడిచి నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. ఈ నేల ఆదివాసులైన డకోటా ప్రజలకీ ఇది పవిత్ర స్థలమే, వాళ్ళలో చాలామందికి తమ జాతి పుట్టిల్లు ఇదే. 1862లో వాళ్ళకీ అమెరికా ప్రభుత్వానికీ జరిగిన యుద్ధం తర్వాత ఆ చలికాలమంతా దాదాపు 1,600 మంది డకోటా ఆడవాళ్ళని, పిల్లల్ని, ముసలివాళ్ళని ఫోర్ట్ స్నెలింగ్ కోట కింద ఇదే పల్లంలో కంచె వేసి ఉంచారు. తట్టు లాంటి జబ్బులతో వందకు పైగా చనిపోయారు. పార్కులో దానికి గుర్తుగా ఒక స్మారకం ఉంది. జనం ఎక్కువగా పిక్నిక్ బల్లల వైపే పోతారు.

శుక్రవారం

హైవే 169 మీద దక్షిణంగా బయల్దేరాం. ఊరు దాటాక ఇక మొక్కజొన్న, సోయా, మొక్కజొన్న, సోయా. ఆ మట్టి నలుపు చూసి నాన్నకి ఆవేశం ఆగలేదు, ఎకరా ఎంత, కౌలు ఎంత, కూలీ ఎంత, నేను ఫోనులో వెతకడం, ఆయన మనసులో రూపాయల్లోకి మార్చుకోవడం. ఆ నలుపు ఎక్కడిదంటే ప్రెయిరీది, అంటే ఇక్కడి గడ్డిమైదానాలది. వేల ఏళ్ళ పాటు గడ్డి పెరిగి, వేళ్ళు కుళ్ళి, మళ్ళీ పెరిగి చేసిన మట్టి అది. ఈ రాష్ట్రంలో ఒకప్పుడు కోటీ ఎనభై లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. మిగిలింది నూటికి ఒక వంతు, ఇంకొంచెం.

ఆ మిగిలిన ఒక వంతు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే తెలిసిన సంగతే ఈ ట్రిప్పు మొత్తానికి నాకు బాగా పట్టిన విషయం. ఎక్కడ నాగలి దిగదో అక్కడే ఉంది. సెయింట్ పీటర్ దాటాక కసోటా ప్రెయిరీ చూడండి, నది వదిలేసిపోయిన సున్నపురాయి తిన్నె మీద జానెడు మట్టి ఉంటుందేమో. దున్నితే నాగలి విరుగుతుంది, అందుకని పశువులు మేపుకుని వదిలేశారు, అందుకని బతికింది. చుట్టుపక్కల రాయి తవ్వే క్వారీలున్నాయి.

కారులోంచి చూస్తే అక్కడ ఏమీ ఉండదు, గడ్డి. దిగి మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప తెలీదు. ఒక గజం మేర చూశాం, మా అమ్మాయి ఫోనులో యాప్ పెట్టుకుని ఒక్కోటీ పోల్చుకుంటూ ఉంది. మోకాలెత్తున బిగ్ బ్లూస్టెమ్ గడ్డి, ఆగస్టు చివరికి అది మనిషిని మించిపోతుంది. మధ్యలో లెడ్‌ప్లాంట్, బూడిద రాసినట్టుండే చిన్న ఆకులతో మన కందిమొక్క పోలికలో ఉంటుంది, నిజానికి అదీ చిక్కుడు జాతే. నేలకి అంటుకుని అడవి గులాబీ. వీటి వేళ్ళు పది అడుగులు, కొన్నింటివి అంతకు మించి లోపలికి పోతాయట, రాతి పగుళ్ళలోంచి దారి చేసుకుని. పైన నిప్పంటించినా ఏమీ కాదు. కాదు కాదు, నిప్పంటించాలి, లేకపోతే సీడర్ మొక్కలు మొలిచి గడ్డిని మింగేస్తాయి. అందుకే ప్రెయిరీ చూసుకునేవాళ్ళు కొన్నేళ్ళకోసారి వాళ్ళే తగలబెడతారు. ఇదివరకు ఆ పని డకోటా వాళ్ళు చేసేవాళ్ళు, పిడుగులు చేసేవి.

తిరిగి కారెక్కాక నా ప్యాంటు మీద ఏదో పాకుతోంది. నాన్న గోటితో తీసి వెలుతురులో చూసి "పిడుదురా ఇది, మన గేదెలకి పట్టేది" అన్నాడు. మా ఆవిడ ఆ మాటకి కారు ఆపించి, అందర్నీ దింపి, సాక్సులు తిరగేసి మరీ వెతికింది. ఇంకో మూడు దొరికాయి. జూన్‌లో గడ్డిలోకి దిగేవాళ్ళు ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, చూట్టానికి ఎలా ఉన్నా సరే.

మధ్యాహ్నానికి మన్‌కేటో పక్కన మినియోపా స్టేట్ పార్క్. ఇక్కడ ఒకదాని కింద ఒకటి రెండు జలపాతాలు, గాలితో పిండి ఆడిన 1864 నాటి రాతి మర ఒకటి, అన్నిటికంటే ముఖ్యంగా 2015లో తెచ్చి వదిలిన బైసన్ (అమెరికా అడవిదున్నల) మంద. కారులోనే తిరగాలి, దిగకూడదు, బుధవారాలు ఆ రోడ్డు మూసేస్తారు. మొదటి రౌండులో దూరంగా గోధుమరంగు చుక్కలు తప్ప ఏమీ లేవు. రెండో రౌండులో రోడ్డుకి అడ్డంగా ఉన్నాయి. ఇంజన్ ఆపేసి కూర్చున్నాం. ఒక ఆడది అద్దానికి బారెడు దూరంలోంచి నడిచింది, వెనకే ఎర్రటి దూడ, ఆ దూడ రంగుకీ తల్లి రంగుకీ పొంతనే లేదు. తల్లి ఒంటి మీద చలికాలపు బొచ్చు ఇంకా పూర్తిగా రాలలేదు, పేలికలుగా వేలాడుతోంది. ఊపిరి తీసి వదులుతుంటే వినిపిస్తోంది. నాన్న గొంతు తగ్గించి "ఈని రెండు మూడు నెలలై ఉంటుంది" అన్నాడు. జీవితమంతా గేదెల మధ్య బతికినవాడు కదా, ఒప్పుకోవాల్సిందే.

బైసన్ ఎక్కువగా గడ్డే తింటుంది, పూల మొక్కల్ని పెద్దగా ముట్టుకోదు, దాంతో వాటికి ఎండ తగులుతుంది. దుమ్ములో పొర్లి పొర్లి గుంటలు చేస్తుంది, వానకి ఆ గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, కప్పలకి చోటు. అంటే ఇక్కడ బైసన్‌ని ఊరికే చూట్టానికి పెట్టలేదు, పనిలో పెట్టారు. ఈ మందలో పెంపుడు ఆవుల రక్తం దాదాపు కలవలేదని పరీక్షల్లో తేలడంతో, మిన్నెసోటా జూ, రాష్ట్ర సహజవనరుల శాఖ (డీఎన్‌ఆర్) కలిసి దీన్ని విడిగా కాపాడుకుంటున్నాయి.

సాయంత్రం మన్‌కేటో ఊళ్ళో నది ఒడ్డున రికన్సిలియేషన్ పార్క్. 1862 డిసెంబర్ 26న ఒకే ఉరికొయ్య మీద 38 మంది డకోటా మగవాళ్ళని ఇక్కడే ఉరితీశారు, అమెరికా చరిత్రలో అంతమందిని ఒకేసారి ఉరితీసింది ఇంకెప్పుడూ లేదు. ఒప్పందాల పేరుతో భూములన్నీ తీసుకుని నది పక్కన సన్నటి పట్టీలోకి నెట్టి, ఇస్తామన్న డబ్బు ఇవ్వక, ఆకలితో మొదలైన యుద్ధం అది. పార్కులో పెద్ద తోలు ఆకారపు ఫలకం మీద ఆ 38 పేర్లూ ఉన్నాయి. అమ్మాయి చదవబోయి ఆగిపోయింది, పలకడం రావట్లేదు. పక్కనే రైలు పట్టాలు, గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది. రాత్రికి న్యూ ఉల్మ్ చేరి పెరుగన్నం తిని పడుకున్నాం.

శనివారం

ఈ రోజంతా రాళ్ళదీ పక్షులదీ. న్యూ ఉల్మ్ ఎగువన లోయ అడుగున అక్కడక్కడ బట్టతలల్లాగా రాళ్ళు తేలి ఉంటాయి. మోర్టన్ ఊళ్ళో ఉన్నది అందులో పేరున్నది, మోర్టన్ నైస్. వయసు దాదాపు 350 కోట్ల ఏళ్ళు, ఈ దేశంలో దొరికే అతి పాత రాళ్ళలో ఒకటి. గులాబీ, బూడిద, నలుపు కలిసి సుడులు తిరిగి ఉంటుంది. షికాగోలో ఆడ్లర్ ప్లానిటోరియం చూసినవాళ్ళు దీన్ని చూసినట్టే, దాని గోడలకి తాపడం చేసింది ఈ రాయే. నాన్న అరచేత్తో రాసి చూసి "చీమకుర్తి రాయికి ఉన్నంత మెరుపు లేదు" అని తీర్పిచ్చాడు. పాలిష్ పెట్టలేదు నాన్నా అంటే వినలేదు.

రాతి మీద నీళ్ళు నిలిచిన చిన్న చిన్న పల్లాలు, అంచుల్లో నాచు, పక్కన పగుళ్ళలో బ్రహ్మజెముడు జాతి మొక్కలు. అవును, చలికాలంలో మైనస్ ముప్ఫైకి పోయే రాష్ట్రంలో జెముడు. మట్టి లేని చోట ఇంకెవరూ పోటీకి రారు, అదీ సంగతి.

గ్రానైట్ ఫాల్స్ దగ్గర అప్పర్ సూ ఏజెన్సీ స్టేట్ పార్క్ ఉండేది, మ్యాపుల్లో వెతికితే ఇప్పుడు పార్కుగా లేదు. 1862లో గిడ్డంగిలో తిండి ఉంచుకుని డకోటా వాళ్ళకి ఇవ్వకుండా ఆపిన చోటు అది, వాళ్ళ సమాధులు కూడా అక్కడ ఉన్నాయి. 2023లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి, 2024 మార్చిలో ఆ భూమిని డకోటా వాళ్ళ అప్పర్ సూ కమ్యూనిటీకి తిరిగి ఇచ్చేసింది. "గవర్నమెంటు తీసుకున్న భూమి వెనక్కి ఇచ్చిందా?" అని నాన్న రెండుసార్లు అడిగాడు. మేం లోపలికి పోకుండా రోడ్డు మీద నుంచే ముందుకి సాగిపోయాం.

దారిలో ఒక చోట కాలవ పక్కన ఆగాం, కాలవ గోడలోంచి ప్లాస్టిక్ గొట్టం బయటికొచ్చి నీళ్ళు ధారగా పోస్తోంది, వానేమో పడి మూడు రోజులైంది. ఇక్కడి రైతులు పొలం కింద చిల్లుల గొట్టాలు వరసలుగా పాతుతారు, ఇదివరకు మట్టి గొట్టాలు కాబట్టి దీన్ని ఇప్పటికీ టైల్ అనే అంటారు. తడి నేలని ఎండబెట్టి మొక్కజొన్న పండించడానికి. చిత్తడి నేలలన్నీ అలా పోయాయి, నీళ్ళన్నీ ఒక్కసారిగా నదిలో పడి గట్లు కోసేస్తున్నాయి, ఆ మట్టంతా మిసిసిపిలోకి పోయి లేక్ పెపిన్‌లో మేట వేస్తోంది. నది రంగుకి కారణం ఇదే. నాన్న ఆ గొట్టం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కొల్లేరులో 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు పేల్చినప్పుడు మావీ పోయాయి. ఆ కోపం ఆయనకి ఇప్పటికీ ఉంది, దాని మీద మా ఇద్దరికీ ఎప్పుడూ పడదు. ఈసారి వాదనేం రాలేదు, "వీళ్ళు ఎండబెట్టుకున్నారు, మనం గట్లు వేసుకున్నాం" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం లాక్ కీ పార్ల్ సరస్సు, దానికి ఎగువన మార్ష్ లేక్. తెల్ల పెలికాన్లు, అంటే మన గూడబాతుల జాతి, ఉత్తర అమెరికాలోనే పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టే చోట్లలో ఇదొకటి. 1878 తర్వాత ఈ రాష్ట్రంలో ఇవి గుడ్లు పెట్టడమే మానేశాయి, కాల్చేసేవాళ్ళు, గుడ్లు పగలగొట్టేవాళ్ళు. తొంభై ఏళ్ళకి, 1968లో, మార్ష్ లేక్‌కి మళ్ళీ వచ్చాయి.

ఆనకట్ట కింద నీళ్ళు నురగలు కక్కే చోట గుంపుగా ఉన్నాయి. రెక్కలు చాపితే తొమ్మిది అడుగులు. మునగవు, వరసకట్టి ఈదుకుంటూ చేపల్ని ఒడ్డువైపు తోలుకొచ్చి, అన్నీ ఒకేసారి తలలు ముంచి సంచుల్తో తోడతాయి. ఒకటి తల పైకెత్తి సంచిలో నీళ్ళు వంచేస్తుంటే, లోపల చేప కొట్టుకోవడం పల్చటి చర్మంలోంచి కనిపించింది. నాన్నకి ఇక ఆగలేదు. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో మన గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కడతాయని, చెట్లు చచ్చిపోతే ఫారెస్టువాళ్ళు ఇనప స్టాండ్లు పెట్టారని, అవి బూడిదరంగువని, చెరువు మీద వాలితే రాత్రికి రాత్రి లెక్క తేడా వస్తుందని, పక్కన గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయనకి తెలుగులో చెప్పేశాడు. ఆయన తలూపుతూ విని, బకెట్లో ఉన్న వాలై చేప తీసి చూపించాడు. నాన్న తూకం అంచనా చెప్పాడు, పౌండ్లలోకి నేను మార్చాను. ఆయన సరిగ్గా ఉందన్నాడు.

రాత్రి ఆర్టన్‌విల్. మోటెల్ గది తలుపు మీద "గదిలో చేపలు శుభ్రం చేయరాదు" అని బోర్డు. మా ఆవిడ కుక్కర్ పెట్టబోతూ, అన్నం గురించి ఏమీ రాయలేదు కదా అంది.

ఆదివారం

బిగ్ స్టోన్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్, 1975లో పెట్టింది, 11 వేల ఎకరాలు దాటి ఉంటుంది. వరద ఆపడానికి ఇంజనీర్లు కట్టిన ఆనకట్ట వెనక నీళ్ళు నిలిస్తే అది పక్షుల ఆశ్రయమైంది. ఐదారు మైళ్ళ కారు రోడ్డు, మధ్యలో దిగి నడవడానికి దారి. ఎర్ర గ్రానైట్ దిబ్బల మధ్య ప్రెయిరీ. ఇక్కడ చూడాల్సింది బాల్ కాక్టస్, మిన్నెసోటాలో ఈ మూల తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. అరగంట వెతికాక మా అమ్మాయికే దొరికింది, రాతి పగులులో, నిమ్మకాయంత, ముళ్ళ మధ్యలో ఒక్క ముదురు గులాబీ పువ్వు విచ్చుకుని. ఆ రాయి తవ్వుకునే క్వారీలు ఊరి పక్కనే ఉన్నాయి, అదే రాయి, కంచెకి ఇటువైపు ఒక బతుకు, అటువైపు ఒక బతుకు.

అక్కడి నుంచి బిగ్ స్టోన్ లేక్ వెంట ఉత్తరంగా, 26 మైళ్ళ సరస్సు, అవతలి ఒడ్డు సౌత్ డకోటా. దాని తలకట్టున బ్రౌన్స్ వ్యాలీ అనే చిన్న ఊరు. ఊరికి దక్షిణాన ఉన్న నీళ్ళు బిగ్ స్టోన్‌లో పడి మిసిసిపి మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి పోతాయి, ఉత్తరాన ఉన్న లేక్ ట్రావర్స్ నీళ్ళు రెడ్ రివర్ మీదుగా హడ్సన్ బేకి పోతాయి. మధ్యలో ఖండాన్నే విడదీసే గట్టు ఉంది, పేరు పెద్దదే గానీ కారులో దాటితే ఎక్కినట్టు కూడా తెలీదు.

నాన్న గురువారం అడిగినదానికి జవాబు ఇక్కడ చెప్పాను. మంచుయుగం చివర్లో, ఉత్తరాన మంచు కరిగి అగాసిజ్ అనే సరస్సు ఏర్పడింది, ఇప్పటి పెద్ద సరస్సులన్నీ కలిపినా దానికంటే చిన్నవే. ఉత్తరం దారి మంచు మూసేసి ఉంది కాబట్టి దాని నీళ్ళు ఈ సందులోంచే తెంచుకుని దక్షిణానికి పోయాయి. ఆ నదికి రివర్ వారెన్ అని పేరు పెట్టారు. మేం నడిచి వచ్చిన లోయంతా, కొన్నిచోట్ల ఐదు మైళ్ళ వెడల్పున, అది కోసిందే. మట్టి కొట్టుకుపోయి మోర్టన్ రాళ్ళు బయటపడింది అందుకే, కసోటాలో తిన్నె మిగిలింది అందుకే. మంచు వెనక్కి తగ్గి సరస్సుకి వేరే దారి దొరికాక వారెన్ ఆగిపోయింది, ఖాళీ లోయలో ఇప్పటి చిన్న నది చేరింది. నాన్న అంతా విని, రోడ్డుకి రెండు వైపులా చూసి, "అంటే గండి పడిందన్నమాట" అన్నాడు. నేను అరగంట చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

తిరుగుదారి హైవే 28 మీదుగా సాక్ సెంటర్, అక్కడి నుంచి ఐ-94.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: స్టేట్ పార్కులకి కారు పర్మిట్ కొనాలి, రెండు ఫెడరల్ ఆశ్రయాలూ ఉచితం. జూన్‌లో పూలు, పిడుదులు, దోమలు మూడూ ఉంటాయి; సెప్టెంబర్ చివర్లో గడ్డి ఎర్రబడుతుంది, అక్టోబర్‌లో లాక్ కీ పార్ల్‌కి బాతులు వేలల్లో దిగుతాయి. మన్‌కేటో దాటాక ఇండియన్ రెస్టారెంట్ మీద ఆశ పెట్టుకోకండి. మార్ష్ లేక్ దగ్గర రోడ్లు కంకరవి, వాన పడిన మర్నాడు చిన్న కారుతో దిగకపోవడమే మంచిది.